మా వీధిని అణు వ్యర్థంగా గుర్తించగలరు

హనుమకొండలోని మా వీధిలో ఎండాకాలంలో వేసిన సీసీ రోడ్డు, తొలకరి వానకే కంకరగా, ఇసుకగా తన పూర్వాశ్రమానికి తిరిగి వెళ్లిపోయిన నాటి నుంచి నేను కాంక్రీటు శాస్త్రాన్ని శ్రద్ధగా చదువుతున్నాను. చదివిన కొద్దీ తేలినదేమిటంటే, కాంక్రీటు విషయంలో ఈ దేశంలో పన్ను కట్టే మనిషికన్నా అణు కేంద్రపు చెత్తకే మర్యాద ఎక్కువ.

తక్కువ, మధ్యస్థాయి రేడియోధార్మికత గల బురదను, చిక్కటి ద్రావణాలను సిమెంటుతో కలిపి పీపాల్లో గడ్డకట్టిస్తారు. సిమెంటులోని క్షారగుణం వల్ల చాలా లోహాలు నీటిలో కరగని రూపానికి మారి, ఉన్నచోటనే ఉండిపోతాయి. సీజియం అనే లోహం మాత్రం మాట వినదు. తడి తగిలితే సందుల్లోంచి జారుకుంటుంది. దాన్ని పట్టి ఉంచడానికి బెంటొనైట్ అనే బంకమట్టినో, జియోలైట్ అనే ఖనిజాన్నో కలుపుతారు. (మా కాంట్రాక్టరు కూడా మట్టి కలిపాడు, ఆయన ఉద్దేశం వేరు.) థర్మల్ కేంద్రాల బూడిద కలిపితే కాంక్రీటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి తగ్గుతుంది, నీరు దూరే సందులూ తగ్గుతాయి. ఆ బూడిద మన రామగుండంలో, చెల్పూరులో కావలసినంత ఉంది.

అంత చేసినా ఆ దిమ్మను ఊరికే నమ్మరు. నీళ్లలో నానబెట్టి, ఎంత సీజియం బయటికి వచ్చిందో రోజుల తరబడి కొలుస్తారు. మా రోడ్డుకూ నానబెట్టే పరీక్ష జరిగింది, కాకపోతే బిల్లు పాసయ్యాక, ఆకాశం నుంచి.

సీజియం-137 సగమవడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. 300 ఏళ్లు గడిస్తే దాదాపు వెయ్యో వంతు మిగులుతుంది. అన్నాళ్లు కాంక్రీటు నిలుస్తుందా అని శాస్త్రవేత్తలు లెక్కలతో కుస్తీ పడుతుంటే, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి మా వీధికి కూతవేటు దూరంలో నేటికీ నిలబడి ఉంది. ఈ సంగతి కాంట్రాక్టరుతో ప్రస్తావించగా, "అప్పుడు టెండర్లు లేవు సార్" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

అత్యధిక రేడియోధార్మికత గల వ్యర్థాలకు సిమెంటు చాలదని తారాపూర్, ట్రాంబే, కల్పక్కంలలో బోరోసిలికేట్ గాజులో బంధిస్తారు. అంత గౌరవం మేము ఆశించడం లేదు. మా వీధిని తక్కువ స్థాయి వ్యర్థాల జాబితాలో చేర్చి, మలుపు దగ్గర పసుపు రంగు మీద మూడు రెక్కల హెచ్చరిక గుర్తు గల బోర్డు ఒకటి పాతిస్తే చాలు. కొత్త రోడ్డు వేసిన మరునాడే నల్లా పైపు కోసం గడ్డపారతో వచ్చేవాళ్లు, దాన్ని చూసి పక్క వీధికి పోతారు.