మన కొండలకు తగ్గ ఫైబరే వేయాలి

టెండరు కాగితంలో ‘ఆప్టికల్ ఫైబర్ కేబుల్, ఇన్ని కిలోమీటర్లు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, దాని ఫలితాన్ని ఆ ఊరు పాతికేళ్లు అనుభవించాలి. ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో నెట్ మాట వస్తే జనం ముందుగా స్పీడు ఎంత అని అడుగుతారు. అధికారులు మీటరు ధర ఎంత అంటారు. భూమిలో వేస్తున్నది ఏ రకం ఫైబర్ (వెలుతురును మోసే గాజు పోగు), దాని పైతొడుగు ఏమిటి, ఏ దారిన పోతోంది అని అడిగేవాళ్లు తక్కువ. ఒకసారి పూడ్చిన కేబుల్‌ను మళ్లీ తీసి మార్చే స్తోమత మన పంచాయతీలకు లేదు. కాబట్టి ఆ ప్రశ్నలు తవ్వకం మొదలవకముందే అడగాలి.

ఇప్పుడే అడగాలనడానికి కారణం ఉంది. పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011లో అనుమతి ఇచ్చింది. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. 2023 ఆగస్టులో దాన్ని సవరించి, సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయల ఖర్చుతో కొత్త రూపం ఇచ్చారు. బ్లాకుల నుంచి పంచాయతీలకు రింగు పద్ధతిలో, అంటే ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నెట్ అందేలా చుట్టుగా, లైన్లు వేయాలన్నది అందులో ముఖ్యమైన మార్పు. ఇంకోపక్క మన పట్టణాల్లో కేబుల్ ఆపరేటర్లు ఇంటింటికీ ఫైబర్ లాగుతున్నారు, కాలేజీలు, ఆస్పత్రులు సొంత ఆవరణల్లో వేయించుకుంటున్నాయి. ఇంత పని జరుగుతున్నప్పుడు ఏది ఎక్కడ వాడాలో తెలిసి వేయడం వేరు, దొరికింది వేయడం వేరు.

గాజు పోగు ఎంపిక నిజానికి అంత కష్టమైనది కాదు. ఊళ్లను కలిపే లైన్లకు వెలుతురు ఒకే దారిన నడిచే సింగిల్ మోడ్ ఫైబర్, అందులోనూ జీ.652.డీ అన్న అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయేది వేస్తే చాలు. వెలుతురు నడిచే దాని నడిమి భాగం సుమారు 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), చుట్టూ ఉన్న గాజుతో కలిపి 125 మైక్రాన్లు. 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కిలోమీటరుకు దాదాపు 0.35 డీబీ, 1550 దగ్గర దాదాపు 0.2 డీబీ మాత్రమే నష్టం. డీబీ అంటే డెసిబెల్, వెలుతురు ఎంత తగ్గిందో చెప్పే కొలత; 3 డీబీలు పోతే సగం పోయినట్టు. అంటే 1550 దగ్గర పదిహేను కిలోమీటర్లు పోయాక కూడా సగం వెలుతురు మిగిలే ఉంటుంది. 1966లో శాస్త్రవేత్త చార్లెస్ కావ్ గాజును శుద్ధి చేస్తే నష్టం కిలోమీటరుకు 20 డీబీ కంటే తగ్గుతుందని చెప్పినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. 1970లో అమెరికాలోని కార్నింగ్ శాస్త్రవేత్తలు ఆ గీత దాటారు. 20 డీబీ అంటే కిలోమీటరు చివర మిగిలేది నూటికి ఒక వంతు వెలుతురే. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన గాజు ఇది. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది.

కొందరు సరఫరాదారులు ‘దూరం లైన్లకు జీ.655 వేయండి, హై స్పీడుకు అదే మేలు’ అని ఎక్కువ ధర చెబుతారు. వెలుతురు పల్సు తక్కువగా చెదిరేలా చేసిన సింగిల్ మోడ్ రకం అది. ఒకప్పుడు ఆ మాటలో నిజం ఉండేది. మామూలు సింగిల్ మోడ్‌లో 1550 దగ్గర వెలుతురు పల్సు, అందులోని తరంగదైర్ఘ్యాల వ్యాప్తిలో ఒక్కో నానోమీటరుకు, కిలోమీటరుకు దాదాపు 17 పికోసెకన్ల చొప్పున వెడల్పవుతుంది కాబట్టి, పాతతరం 10 గిగాబిట్ పరికరాలు అరవై, ఎనభై కిలోమీటర్లు దాటితే ఆ చెదురును సరిచేసే ఏర్పాటు విడిగా పెట్టాల్సి వచ్చేది. ఇప్పటి 100 గిగాబిట్ కోహెరెంట్ పరికరాలు ఆ పనిని తమలోని చిప్‌లోనే చేసుకుంటాయి. బ్లాకు నుంచి పంచాయతీకి ఉండే దూరాలకు జీ.655 మీద పెట్టే అదనపు ఖర్చు వృథా. ఆ డబ్బుతో కోర్ల సంఖ్య, అంటే కేబుల్‌లోని గాజు పోగుల సంఖ్య, పెంచుకోవచ్చు. తవ్వకం, పూడ్చడం, అనుమతులే ఈ పనిలో పెద్ద ఖర్చు. 24 కోర్ల బదులు 48 వేస్తే మొత్తం ఖర్చులో పెద్దగా తేడా రాదు. రేపు ఆస్పత్రికి, పోలీసు స్టేషనుకు, మొబైల్ టవరుకు విడివిడిగా కోర్లు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మళ్లీ రోడ్డు తవ్వే బాధ ఉండదు.

వెలుతురు ఒకేసారి చాలా దారుల్లో నడిచే మల్టీ మోడ్ ఫైబర్ సంగతి వేరు. దాని నడిమి భాగం 50 మైక్రాన్లు. అందులో ఓఎం3 అనే రకంపై 10 గిగాబిట్ దాదాపు 300 మీటర్ల వరకే నడుస్తుంది. సర్వర్ గదిలో ఒక రాక్ నుంచి ఇంకో రాక్‌కు అది సరిపోతుంది. కాలేజీ ఆవరణలో ఈ చివరి హాస్టల్ నుంచి ఆ చివరి ల్యాబుకు దాన్ని వేస్తే ఇవాళ నడిచినా రేపు స్పీడు పెంచుకోవడానికి దారి ఉండదు. పైగా మల్టీ మోడ్ కేబులే సాధారణంగా ఖరీదు. అప్పట్లో దాని పరికరాలు చవక కాబట్టి వాడేవాళ్లు, ఇప్పుడు ఆ తేడా బాగా తగ్గింది. పరికరానికి తగిలించే పొట్టి ఫైబర్ తీగ (ప్యాచ్ కార్డు) పసుపుపచ్చగా ఉంటే సింగిల్ మోడ్, నీలి ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటే సాధారణంగా ఓఎం3 లేదా ఓఎం4. కాంట్రాక్టరు తెచ్చిన పెట్టె తెరవగానే ప్రిన్సిపల్ గారే గుర్తుపట్టవచ్చు.

చివరి వంద మీటర్ల దగ్గరే మన ఊళ్లలో ఎక్కువ నెట్‌వర్కులు దెబ్బతింటున్నాయి. పర్లాకిమిడిలో, బరంపురంలో పాత పెంకుటిళ్ల వరుసల్లో చూడండి. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సన్నని కేబుల్‌ను (డ్రాప్ కేబుల్) కిటికీ చెక్క అంచు మీదుగా లాగి, గుమ్మం మూల దగ్గర దాదాపు లంబకోణంలో మడిచి మేకుతో బిగిస్తారు. మిగిలిన పొడవును అరచేతి వెడల్పున చుట్టి మీటరు బోర్డు వెనక్కి తోస్తారు. మామూలు ఫైబర్ ఆ మడత దగ్గర వెలుతురును బయటికి వదిలేస్తుంది. డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది, ఇంట్లో ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆపరేటరు వచ్చి రూటరు మారుస్తాడు. లోపం మాత్రం గుమ్మం మూలలో అలాగే ఉంటుంది.

దీనికి జీ.657 ప్రమాణపు ఫైబర్ ఉంది. ఏ1 రకాన్ని 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా, ఏ2 రకాన్ని 7.5 మిల్లీమీటర్ల దాకా వంచినా నష్టం పరిమితిలోనే ఉంటుంది. ఈ ‘ఏ’ రకాలు జీ.652.డీతో కలిసేలా తయారవుతాయి కాబట్టి ఊరి లైనుకు జాయింటు వేయడంలో ఇబ్బంది లేదు. ఇళ్లకు, అపార్టుమెంట్లకు, ఆఫీసు గదులకు ఏ2 తప్ప వేరే డ్రాప్ కేబుల్ వేయకూడదని మా అభిప్రాయం. కారణం ఇప్పటి స్పీడు ఒక్కటే కాదు. ఒకే ఫైబరును చాలా ఇళ్లకు పంచే పద్ధతుల్లో ఇవాళ ఎక్కువ ఇళ్లలో ఉన్నది జీపాన్. అది ఇంటివైపు 1490 నానోమీటర్ల దగ్గర పంపుతుంది. దాని తర్వాతి తరమైన పది గిగాబిట్ల ఎక్స్‌జీఎస్-పాన్‌కు వెళ్తే అది 1577 అవుతుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మడత దగ్గర నష్టమూ పెరుగుతుంది. ఇవాళ నెట్టుకొస్తున్న మడత రేపు కొత్త పరికరం పెట్టినరోజున పనిచేయకపోవచ్చు.

లెక్క వేసి చూస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. జీపాన్‌లో సాధారణంగా వాడే బీ-ప్లస్ పరికరాలకు మొత్తం 28 డీబీల నష్టం దాకా తట్టుకునే శక్తి ఉంది. ఒక లైనును ముప్పైరెండు ఇళ్లకు పంచే స్ప్లిటరే అందులో 17 డీబీలు తినేస్తుంది. పది కిలోమీటర్ల ఫైబరుకు మూడున్నర, కనెక్టర్లకు, జాయింట్లకు రెండో మూడో పోతాయి. చేతిలో మిగిలేది నాలుగైదు డీబీలు. పాతికేళ్లలో రాబోయే కోతలకు, కొత్త జాయింట్లకు దాచుకోవాల్సిన ఆ నాలుగైదు డీబీలను గుమ్మం మూలలో రెండు మడతలకు ధారపోస్తున్నాం.

ఇక పైతొడుగు. మన జిల్లాల్లో అసలు ఎంపిక ఇక్కడే ఉంది, దీని మీదే చర్చ తక్కువ. ఇక్కడి నేలలో చెదలు ఎక్కువ, వర్షాకాలంలో పిడుగులు ఎక్కువ, పొలం గట్ల వెంట ఎలుకలు ఎక్కువ. ఇనుప కవచం ఉన్న కేబుల్ ఎలుకకు లొంగదు. కానీ ఆ లోహం పిడుగు కరెంటును, పక్కనే పోయే హైటెన్షన్ లైను ప్రేరణను లాక్కుంటుంది. ప్రతి జాయింటు దగ్గరా ఎర్తింగ్ సరిగా లేకపోతే పరికరాలతో పాటు పనిచేసే మనిషికీ ప్రమాదం. అందుకే ఘాట్ ప్రాంతాల్లో లోహం లేని కేబుల్ మేలు. నడుమ ఎఫ్ఆర్‌పీ (గాజు నారతో గట్టిపరిచిన ప్లాస్టిక్) కడ్డీ, ఎలుకలకు అడ్డుగా గాజు నూలు కవచం, చెదలకు అడ్డుగా పైన నైలాన్-12 పొర ఉన్నది అడగాలి. దాన్ని హెచ్‌డీపీఈ డక్టులో (గట్టి ప్లాస్టిక్ గొట్టంలో) వేయాలి. ఇనుప కవచం ఎలుకల బెడద తప్పని చోట్లకే, అదీ ఎర్తింగుకు హామీ ఉంటేనే.

లోతు విషయంలో రాజీ పడుతున్నారు. మామూలు నేలలో 1.65 మీటర్ల లోతు తవ్వాలన్నది మన దేశంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. కొండరాయి తగిలినచోట అంత లోతు కుదరదు, అది అందరికీ తెలుసు. కుదరనప్పుడు జీఐ పైపులో పెట్టి కాంక్రీటు వేయాలి. డక్టును అలాగే పైపైన పరిచి మట్టి కప్పి వదిలేస్తే మొదటి రోడ్డు వెడల్పు పనికే జేసీబీ పన్ను తగులుతుంది. తవ్వేముందు లైను యజమానికి తెలియజేసే ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను కేంద్రం 2023 మార్చిలో తెచ్చింది. దాన్ని మన రోడ్ల కాంట్రాక్టర్లతో వాడించే బాధ్యత జిల్లా యంత్రాంగానిదే.

స్తంభాల మీద లాగితే చవక, త్వరగా అవుతుంది. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వేలాది కరెంటు స్తంభాలు నేలకూలాయి. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అంతకు అయిదేళ్ల ముందు ఫైలిన్ గోపాలపురం దగ్గర తాకింది. సమాచారం అందితేనే సహాయం అందే ఆ గంటల్లో స్తంభంతో పాటు ఫైబర్ కూడా పడిపోతే ఆ లైను ఎవరికి పనికొచ్చినట్టు? తీరానికి దగ్గరగా ఉన్న గంజాం, గజపతి బ్లాకుల్లో ప్రధాన లైను భూమిలోనే ఉండాలి. స్తంభం ఊరి లోపలి పంపకానికే పరిమితం కావాలి. తప్పనిసరై వేయాల్సినచోట తన బరువు తానే మోసే ఏడీఎస్ఎస్ కేబుల్ వేయాలి. రెండు స్తంభాల మధ్య దూరాన్ని, గాలి ఒత్తిడిని లెక్కగట్టి ఆర్డరు ఇవ్వాలి.

రింగు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒకే కందకంలో రెండు కేబుళ్లు పరిచి కాగితం మీద వాటిని గుండ్రంగా గీస్తే అది రింగు కాదు. ఒక కొండచరియ జారితే రెండూ తెగుతాయి. రెండు దారులు వేరువేరుగా ఉండాలి, ఆ దారులు మనకు ఉన్నాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా కోరాపుట్‌కు రైలు మార్గం ఉంది. కోరాపుట్ నుంచి అరకు మీదుగా కొత్తవలసకు ఇంకొకటి ఉంది. కొత్తవలస, విజయనగరం మెయిన్ లైను మీదే ఉన్నాయి. పట్టాల పక్కన ఫైబర్ వేసే రైల్వేల సంస్థ రైల్‌టెల్ 2000 నుంచి ఆ పనిలోనే ఉంది. రెండు రాష్ట్రాల మీదుగా తిరిగొచ్చే ఈ చుట్టును మన జిల్లాల ప్రధాన రింగుగా వాడుకోవచ్చు.

అడ్డు వస్తున్నది సరిహద్దు గీత. టెండరు ప్యాకేజీలు రాష్ట్రాల వారీగా ఉంటాయి కాబట్టి ఒడిశా వైపు కేబుల్ ఒడిశా వైపే ఆగిపోతుంది. పర్లాకిమిడికి పాతపట్నం కూతవేటు దూరం. మన జనం వైద్యానికి శ్రీకాకుళం, విశాఖ వెళ్తారు, పిల్లలు అక్కడ చదువుతారు, పెళ్లిసంబంధాలు అక్కడివే. ఆ చిన్న దూరంలో రెండు రాష్ట్రాల ఫైబరు కలిస్తే, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నెట్ వస్తుంది. పర్లాకిమిడి-పాతపట్నం, రాయగడ-పార్వతీపురం, కోరాపుట్-సాలూరు, మల్కన్‌గిరి జిల్లా కొసన మోటు దగ్గర, ఇలా కలుపు స్థానాలు పెట్టాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఇందుకు కావాల్సింది సరిహద్దు దాటించే కొద్దిపాటి కేబులు, ఇద్దరు కలెక్టర్ల సంతకాలు.

పని అయ్యాక పరీక్ష. జాయింటు వేసేటప్పుడు ఫైబరును ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో నున్నగా కోసి, యంత్రంలో కరిగించి అతికిస్తారు. తెర మీద 0.02 డీబీ అని కనిపిస్తుంది. అది యంత్రం వేసిన అంచనా మాత్రమే. అసలు నష్టం ఓటీడీఆర్‌తో, అంటే ఫైబరులోకి వెలుతురు పంపి తిరిగొచ్చేదాన్ని కొలిచే పరికరంతో, లైను మొత్తం చూస్తేనే తెలుస్తుంది, అదీ రెండు చివర్ల నుంచి. వేర్వేరు రకాల ఫైబరు అతికిన చోట ఒక వైపు నుంచి చూస్తే నష్టానికి బదులు లాభం కనిపించవచ్చు, రెండో వైపు నుంచి చూస్తే ఎక్కువ నష్టం కనిపించవచ్చు. రెండింటి సగటే నిజం. ఒక్క వైపు రిపోర్టుతో బిల్లు పెట్టే కాంట్రాక్టరును వెనక్కి పంపాలి. ఫైబర్ రకం, కేబుల్ తొడుగు, ఎక్కడ ఎంత లోతు, జాయింట్లు ఏ కిలోమీటరు రాయి దగ్గర ఉన్నాయి అన్న వివరాలతో రెండు వైపుల రిపోర్టు పంచాయతీ ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. అది పెట్టేదాకా చివరి వాయిదా సొమ్ము చెల్లించకూడదని ఒప్పందంలోనే రాయాలి.