ఒక్క రెబ్బ చూపించి చెట్టు పేరు చెప్పమంటే ఎలా?

మాది ఎత్నోబాటనీ, అంటే జనం మొక్కల్ని ఎలా పిలుస్తారో, ఎలా వాడతారో చదివే శాస్త్రం. అందులో ఆరుబయట మొక్కల్ని గుర్తుపట్టే పరీక్ష అంటారు. తీరా చూస్తే బల్ల మీద వాడిపోయిన ఆకులు, ఒక్కోదానికి ఒక్క నిమిషం! లాల్‌బాగ్ లాంటి పెద్ద మొక్కల తోట ఉన్న బెంగళూరులో ఇదేం ఖర్మ?

ఆకులోంచి ఒక్క రెబ్బ తుంచి పెడితే అది వేపో, తురకవేపో ఎలా చెప్పాలి? వేపలో రెబ్బలు నడిమి ఈనెకే అంటుకుని ఉంటాయి. తురకవేపలో ఆ ఈనె మళ్లీ చీలుతుంది. ఆకు మొత్తం కొమ్మమీదే చూడాలి కదా! నేల ఉసిరికి కాయలు ఆకుల కింద వరసగా వేలాడతాయి, కాడ తుంచితే పాలు రావు. పాలొస్తే నానబాలు జాతిదేమో చూడాలి. కానీ తుంచనివ్వరు, వాసనా చూడనివ్వరు.

అసలు మండేది పేర్ల దగ్గర. చిత్తూరు నుంచి వచ్చిన పిల్ల తిప్పతీగ అని రాస్తే సున్నా, టైనోస్పోరా కార్డిఫోలియా అని శాస్త్రీయ నామం రాస్తేనే మార్కు! జనం పిలిచే పేరూ, వాడే తీరూ అక్కర్లేకపోతే అది ఎత్నోబాటనీ ఎలా అవుతుందండీ?