బస్సును పాడు చేసింది ప్రయాణికుడే

బస్సు ఆగే ఉంది. ఇంజిన్ మాత్రం తిరుగుతోంది. పైనుంచి సన్నటి తుంపర. చుట్టూ పది పన్నెండు మంది పెద్దమనుషులు, అందరూ డెబ్బై దాటినవాళ్లే, గొడుగులు చేతిలో పట్టుకుని తెరవకుండా నిలబడ్డారు. గొడుగు మీద చినుకుల చప్పుడు ఇంజిన్‌ను వినడానికి అడ్డొస్తుందట. నన్ను వెంటబెట్టుకొచ్చిన మా పక్కింటి పెద్దాయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. తిరువయ్యూరులో ముందు వరసలో కూర్చున్నవాళ్ల ముఖాల్లో తప్ప అంత తన్మయత్వం నేనెక్కడా చూడలేదు.

"గార్డ్‌నర్," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఫైవ్ ఎల్‌డబ్ల్యూ."

మాంచెస్టర్ దగ్గర పాట్రిక్రాఫ్ట్‌లో తయారైన ఐదు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ అది. యాభై మందికి పైగా పట్టే డబుల్ డెక్కర్‌ను లాగడానికి దానికున్నది 85 గుర్రాల బలం. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లకే ఇప్పుడు దాదాపు అంత ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు ఆ ఇంజిన్ బస్సంతటినీ వణికిస్తుంది. అద్దాలు, సీట్లు, సీట్లలో ఉన్నవాళ్ల పళ్లు, అన్నీ కలిసి ఒకే శ్రుతిలో మోగుతాయి. అప్పట్లో దాన్ని గోల అన్నారు. ఇప్పుడది రాగం.

ఇంగ్లండ్‌లో పన్నెండేళ్లుగా ఉంటూ, ఇలాంటి పాత బస్సుల మేళాలు నాలుగైదు చూసిన అనుభవంతో, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను. బ్రిటిష్ బస్సు చరిత్రలో జరిగిన పొరపాటు ఒక్కటే. అందులోకి జనాన్ని ఎక్కించారు.

నమ్మకపోతే మా పెద్దాయన ఫొటోల పెట్టెలు చూడండి. మొత్తం నలభై పెట్టెలు. బస్సును ఎలా ఫొటో తియ్యాలో వీళ్ల దగ్గర ఆగమశాస్త్రమంత కచ్చితమైన నియమాలున్నాయి. ఎడమవైపు ముందు మూల నుంచి తియ్యాలి, ఎండ మన వీపు మీద పడాలి, పైన ఊరి పేరు సరిగ్గా తిప్పి ఉండాలి, నంబర్ ప్లేటు చదవగలగాలి. మనిషి కనపడకూడదు. ఒక ఫొటో బయటికి తీసి, జాతకంలో దోషం చూపించే సిద్ధాంతిలా నిట్టూర్చాడు. 1963 నాటిది. బస్సు దివ్యంగా ఉంది. ఒకావిడ కూరగాయల సంచి పట్టుకుని, వెనక ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టింది.

"పాడైపోయింది," అన్నాడు.

ఆవిడకేం తెలుసు పాపం, ఇంటికి పోదామని బస్సెక్కింది.

ఈ భక్తి నిన్న మొన్నటిది కాదు. ఆమ్నిబస్ సొసైటీ 1929లోనే పుట్టింది. 1943లో, యుద్ధం మధ్యలో, పెట్రోలు నుంచి గుడ్ల దాకా అన్నిటికీ రేషన్ ఉన్న రోజుల్లో, ఏ బస్సు ఏ డిపోలో ఉందో రాసుకోవడానికి పీఎస్‌వీ సర్కిల్ అని ఇంకో సంఘం పెట్టుకున్నారు. దేశం బతికితే చాలనుకుంటున్న వేళ బస్సుల లెక్క తప్పకూడదనుకున్నారు. అలాంటి జాతి ఓడిపోదు.

ఇంతకీ మేము ఆ మేళాకు ఎలా వెళ్లామంటే, కార్లో. హాంప్‌షైర్‌లో చిన్న పల్లె అది. పక్కనున్న మైదానంలో అరవై బస్సులు బారులు తీరి ఉన్నాయి. ఆ పల్లెకు మాత్రం ఆదివారం బస్సు లేదు. శనివారం రెండు వస్తాయట, అవి కూడా వస్తే. 1986 అక్టోబర్ 26న లండన్ బయట బస్సులను మార్కెట్‌కు వదిలేశారు. లాభం ఉన్న దారిలో ఎవరైనా నడుపుకోవచ్చు, లేని దారి ఊరి కౌన్సిల్ దయ. అందుకే బస్సు ప్రేమికులు నాలుగు వందల మంది నాలుగు వందల కార్లలో వచ్చారు. పార్కింగ్ దొరక్క బురదలో అరగంట తిరిగాం. ప్రజారవాణా మీద ప్రజలకు ఇంత ప్రేమ ఉన్న దేశంలో ప్రజారవాణా ఎందుకు చిక్కిపోయిందో అర్థం చేసుకోవడానికి ఆ అరగంట సరిపోయింది. మన పితృదేవతలకు పిండం పెట్టేటప్పుడే కదా అన్ని వంటలూ గుర్తొచ్చేది.

సరే, గార్డ్‌నర్ బస్సు దగ్గరికి వద్దాం. అది బ్రిస్టల్ కంపెనీ వాళ్ల కె మోడల్, అందులోనూ లోబ్రిడ్జ్ రకం. ఈ లోబ్రిడ్జ్ అనేది మానవజాతి ప్రయాణికుడి మీద చేసిన ప్రయోగాల్లో తలమానికం. తల అన్న మాట ఊరికే వాడలేదు. ఇంగ్లండ్ నిండా తక్కువ ఎత్తు రైలు వంతెనలు. మామూలు డబుల్ డెక్కర్ పట్టదు. బస్సును పొట్టి చెయ్యాలి. 1927లో లేలాండ్ కంపెనీ టైటాన్ బస్సుతో ఒక ఉపాయం వచ్చింది. పై అంతస్తులో నడిచే దారిని మధ్యలోంచి తీసేసి, డ్రైవర్ వైపు అంచుకు జరిపి, కాలవలా కిందికి దించారు. దాంతో పైన సీట్లన్నీ నలుగురు కూర్చునే బెంచీలయ్యాయి. కిటికీ పక్కనున్నాయన దిగాలంటే ముగ్గురి మోకాళ్లు దాటాలి. పెళ్లి పంతిలో మధ్యలో లేచినవాడి పరిస్థితి.

ఇక కింద అంతస్తు సంగతి. పైన కాలవ తవ్వితే కింద గట్టు రావాలి కదా. ఆ గట్టు కుడివైపు కూర్చున్నవాళ్ల నెత్తి మీద వచ్చింది. కూర్చున్నంతసేపూ ఏమీ కాదు. స్టాపు వచ్చింది, లేచారు, ఠంగ్. ముందు సీటు వెనక చిన్న బోర్డు పెట్టారు, లేచేటప్పుడు తల జాగ్రత్త అని. బోర్డు చదవాలంటే వంగాలి, వంగి చదివినవాడు నిటారుగా లేస్తాడు. 1949లో బ్రిస్టల్ వాళ్లే లోడెక్కా అని కొత్తది చేసి, ఇరుసును కిందికి వంచి, నేలనే దించి ఈ బాధ తప్పించారు. బోర్డు పక్కన నిలబడి మా పెద్దాయన ఏమన్నాడంటే, "లోడెక్కా మంచి బస్సే. కానీ లోబ్రిడ్జ్‌కి ఒక వ్యక్తిత్వం ఉండేది."

ఆ వ్యక్తిత్వాన్ని నేను ఆ రోజు రెండుసార్లు స్వయంగా తాకాను. కుడి కణత దగ్గర.

వీళ్లు చెప్పే కథల్లో నాకు నిజంగా నచ్చింది బెవర్లీ బస్సు. యార్క్‌షైర్‌లో బెవర్లీ అనే ఊరికి 15వ శతాబ్దంలో ఇటుకలతో కట్టిన ద్వారం ఉంది, పైన కోసుగా కమాను. డబుల్ డెక్కర్ భుజాలు ఆ కమానుకు తగులుతున్నాయి. బస్సు కంపెనీ వాళ్లు బస్సు పైకప్పునే రెండువైపులా లోపలికి వాల్చి, గోపురంలా చేయించారు. ద్వారం ఏ రూపమో బస్సుదీ అదే రూపం. మన హైదరాబాద్‌కు పదమూడు దర్వాజాలుండేవి, మిగిలినవి రెండు. ఎవరి పద్ధతి వాళ్లది.

లండన్ టవర్ బ్రిడ్జి కథ అయితే తెలియనివాళ్లు లేరు. 1952 డిసెంబర్ 30న 78వ నంబర్ బస్సు బ్రిడ్జి మీద ఉండగానే బ్రిడ్జి పైకి లేవడం మొదలైంది. డ్రైవర్ ఆల్బర్ట్ గంటర్ బ్రేకు వెయ్యకుండా యాక్సిలరేటర్ తొక్కి, ఇంకా లేవని అవతలి సగం మీదికి బస్సును దూకించాడు. ఆయనకు పది పౌన్ల బహుమానం ఇచ్చారు. లోపల ఇరవై మంది ఉన్నారు. మా పెద్దాయనకు ఆ బస్సు నంబర్ నోటికొచ్చు. ఆ ఇరవై మంది ఏమయ్యారని అడిగితే కాస్త ఆలోచించి, "దిగిపోయి ఉంటారు," అన్నాడు.

ఇప్పుడు అసలు సిద్ధాంతానికి వస్తాను. చాలా పరిశీలన చేసి కనిపెట్టింది కాబట్టి పాఠకులు సెల్‌ఫోన్ పక్కన పెట్టి చదవాలి.

ఏ బస్సయినా వచ్చినప్పుడు హంతకి, పోయేటప్పుడు పతివ్రత. లండన్‌లో కరెంటు తీగల కింద చప్పుడు లేకుండా తిరిగే ట్రాలీబస్సులుండేవి. 1962 మే 8న చివరిది ఆగిపోయింది. వాటిని మింగిందెవరు? రూట్‌మాస్టర్. అవును, మన సినిమావాళ్లు లండన్ అనగానే పాట వెనకాల నిలబెట్టే ఆ ఎర్ర బస్సే. ట్రాలీబస్ భక్తులకు అది అప్పట్లో పొగ కక్కే రాక్షసి. మొత్తం 2,876 కట్టారు, 1968లో ఆపేశారు. ఆ ఏడాదే కొత్త చట్టం వచ్చింది. కండక్టర్ లేకుండా నడపగల బస్సు కొంటే ఖర్చులో మొదట పావు వంతు, తర్వాత సగం ప్రభుత్వం ఇస్తానంది. డబ్బు చేదా? ఇంజిన్ వెనక్కి పోయింది, తలుపు ముందుకొచ్చింది, డ్రైవరే టికెట్లు కొట్టాడు, కండక్టర్ ఇంటికెళ్లాడు. 1969లో నేషనల్ బస్ కంపెనీ వచ్చి, ఆ తర్వాత మూడేళ్లకు ఊరికో రంగున్న తన బస్సులను ఎరుపో ఆకుపచ్చో రెండే రంగుల్లోకి ముంచింది. మా పెద్దాయన ఊళ్లో సౌత్‌డౌన్ బస్సు కంపెనీ వాళ్ల లేత ఆకుపచ్చ, మీగడ రంగు పోయిన రోజు గురించి చెబుతుంటే ఇంట్లో ఎవరో పోయారనుకుని నేను చెయ్యి పట్టుకున్నాను.

ఆ కొత్త తరంలో అందరూ ఎక్కువ తిట్టింది లేలాండ్ నేషనల్‌ని. 1972 నుంచి వర్కింగ్టన్‌లో కార్ల ఫ్యాక్టరీ పద్ధతిలో చేసిన డబ్బా. అది పొగ వదిలితే వెనక వీధి కనపడేది కాదు. బస్సు ప్రేమికులందరూ ముక్కు మూసుకుని రూట్‌మాస్టర్ వైపు తిరిగి దండం పెట్టారు. ట్రాలీబస్ హంతకి అప్పటికి దేవతైపోయింది. 2005 డిసెంబర్ 9న 159వ రూట్‌లో అది మామూలు సర్వీసు ముగించిన రోజున రోడ్ల మీద కెమెరాల జాతర.

మరి ఆ డబ్బా? హాంప్‌షైర్ మైదానంలో మూడో వరసలో ఉంది. పాతికేళ్లు చిన్నవాళ్లు దాని వెనక గుంపుగా నిలబడి, స్టార్ట్ చెయ్యమని బతిమాలుతున్నారు. చేశారు. నల్లటి పొగ లేచింది. చప్పట్లు. మా పెద్దాయన వాళ్లను చూసి, "ఈ కాలం పిల్లలకు రుచి తెలియదు," అన్నాడు. ఆ పిల్లల్లో ఒకాయనకు బట్టతల.

లెక్క చాలా తేలిక. మనిషికి పన్నెండేళ్ల వయసులో వీధిలో ఏ బస్సు తిరిగితే అదే ఆఖరి మంచి బస్సు. 2011 చివర్లో లండన్ జనం తిట్టి తిట్టి పంపించిన పొడుగాటి వంగే బస్సులకూ ఆ యోగం రాసిపెట్టి ఉంది. వాటిలో బడికెళ్లిన పిల్లలు ఇప్పుడు సంపాదిస్తున్నారు.

నేను నవ్వుతున్నానని కనిపెట్టినట్టున్నాడు, పెద్దాయన నా వైపు తిరిగాడు. "మీది హైదరాబాద్ కదా. మీ ఆల్బియన్ చూశారా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టారు. గ్లాస్గోలో పుట్టిన ఆల్బియన్లు అవి. అందులో ఒకటి ఇప్పటికీ బస్ భవన్‌లో ఉంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమాల కోసం ఎన్నేళ్లు తిరిగానో లెక్కలేదు. బస్ భవన్ గోడ పక్కనే బ్లాకులో టికెట్లు కూడా కొన్నాను. లోపలికి తొంగి చూడలేదు. ఆ మాట ఒప్పుకోగానే తిరుపతిలో పుట్టి కొండెక్కనివాడిని చూసినట్టు చూశాడు.

పరువు కాపాడుకోవడానికి నేను సికింద్రాబాద్ నుంచి జూపార్క్ పోయే 7జెడ్ డబుల్ డెక్కర్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. పైన ముందు సీటు, చెట్ల కొమ్మలు అద్దానికి కొట్టుకోవడం, ట్యాంక్‌బండ్ గాలి... ఎంత బాగా చెప్పానంటే నాకే కళ్లు చెమర్చాయి. తర్వాత గుర్తొచ్చింది, ఆ ముందు సీటు నాకు దొరికింది రెండుసార్లే. మిగతా రోజులన్నీ మెట్ల మీద ఎవరి చంకలోనో నిలబడ్డాను. ఆ చంక మాత్రం జ్ఞాపకంలోకి రాలేదు. మనం కూడా ఫొటోలోంచి జనాన్ని తీసేస్తామన్నమాట.

అసలు చంకల సంగతి తెలిసిన మనిషి ఆ మైదానంలో ఒక్కరే ఉన్నారు. పెద్దాయన భార్య. పొద్దుటి నుంచి కారు దిగలేదు. హీటర్ పెట్టుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చుంది. 1966 నుంచి నాలుగేళ్లు ఇలాంటి బస్సుల్లోనే కండక్టర్‌గా చేసిందట. పై అంతస్తులో సిగరెట్ పొగకు కళ్లు మండటం, చిల్లర పెన్నీలకు సాయంత్రానికి వేళ్లు నల్లబడటం, చలికాలం వెనక తలుపు లేని ఫుట్‌బోర్డు మీద ఎనిమిది గంటలు. "దాన్ని చూడటానికి నేను డబ్బులిచ్చి రావాలా?" అని అడిగింది నన్ను. నా దగ్గర జవాబు లేదు.

వాన పెద్దదైంది. కారు ఎక్కడో మూల ఉంది, బాత్‌రూమ్ ఈ చివర ఉంది. ఆవిడ తిరిగొస్తూ తడవకుండా ఉండటానికి దగ్గర్లో ఉన్న బస్సులోకి ఎక్కేసింది. అదే గార్డ్‌నర్ బస్సు. వెనకే నేనూ ఎక్కి, స్తంభం పట్టుకుని ఫుట్‌బోర్డు అంచున నిలబడ్డాను. మేళా కండక్టర్ వేషంలో ఉన్నాయన ఇంకా కిందే, రేడియేటర్ రంగు గురించి ఎవరితోనో వాదిస్తున్నాడు.

ఆవిడ ఒకసారి లోపలికి చూసింది. "లోపలికి జరగండి. మెట్టు మీద నిలబడకూడదు," అంది. నేను జరిగాను. ఆ గొంతుకు ఎవరైనా జరుగుతారు. ఆవిడ చెయ్యి దానంతటదే బెల్ బటన్ మీదికి వెళ్లింది. ఒకటి కొడితే ఆగమని, మూడు కొడితే బస్సు నిండిందని. ఆవిడ రెండు కొట్టింది. మన రైట్ రైట్.

ముందు తన గదిలో ఒంటరిగా ఉన్న డ్రైవర్‌కు వెనక ఏం జరుగుతోందో కనపడదు, గంటే ఆయనకు ఆజ్ఞ. బస్సు కదిలింది. వేషం వేసుకున్నాయన టోపీ పట్టుకుని వెనక పరుగెత్తాడు. మైదానం మధ్యలో కెమెరా పట్టుకుని, ఎడమవైపు ముందు మూల కోసం అంతసేపటి నుంచి కాచుకుని కూర్చున్న పెద్దాయన గబగబా నొక్కేశాడు.

రాత్రి వాళ్లింట్లో చూపించాడు. బస్సు నిలువునా వణుకుతున్నట్టుంది, వెనక నా మోచెయ్యి బయటికి ఉంది, స్తంభం పక్కన ఆవిడ.

"పాడైపోయింది," అన్నాడు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. "కండక్టర్ బాగా పడింది," అంది.