ఏ కోర్‌పై ఏ ప్రోగ్రామ్ నడవాలి? కట్టడి చేయాల్సింది దేన్ని?

విండోస్ టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ విభాగానికి వెళ్లి, నడుస్తున్న ప్రోగ్రామ్‌పై రైట్ క్లిక్ చేస్తే ‘సెట్ అఫినిటీ’ అనే ఆప్షన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కగానే సీపీయూ 0, సీపీయూ 1 అంటూ వరుసగా గడులు, ప్రతి గడిలోనూ టిక్కు ఉంటాయి. కొన్ని టిక్కులు తీసేస్తే ఆ ప్రోగ్రామ్ మిగిలిన కోర్లపైనే, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలపైనే, నడుస్తుంది. గేమ్ తడబడకుండా సాగాలని, ఎడిట్ చేసిన వీడియో త్వరగా తయారవ్వాలని కోరుకునేవారు తరచూ ఈ గడుల దాకా వస్తారు. ముఖ్యమైన ప్రోగ్రామ్‌కు నాలుగు మంచి కోర్లు అప్పగిస్తే అది వేగం పుంజుకుంటుందన్నది వారి నమ్మకం. ఈ నమ్మకం చాలా సందర్భాల్లో తప్పు. ఇంటి కంప్యూటర్‌లో కట్టడి చేయాల్సింది మనకు కావలసిన ప్రోగ్రామ్‌ను కాదు, దానికి అడ్డు తగిలే ప్రోగ్రామ్‌ను.

అఫినిటీ అంటే రిజర్వేషన్ కాదు. ‘నువ్వు ఈ బోగీలోనే ఎక్కాలి’ అని ఒక ప్రయాణికుడికి చెప్పి, మిగతావారిని మాత్రం అన్ని బోగీల్లోకీ అనుమతించడం లాంటిది అది. ఆ నాలుగు కోర్లపైకి బ్రౌజర్ రావచ్చు, యాంటీవైరస్ రావచ్చు, అప్‌డేట్లు రావచ్చు. అవి వచ్చినప్పుడు మన ప్రోగ్రామ్‌కు పక్కకు తప్పుకునే వీలు ఉండదు, పక్కన మరో కోర్ ఖాళీగా ఉన్నా సరే. దీనికి తోడు, చాలా ప్రోగ్రాములు ప్రారంభమయ్యేటప్పుడే కంప్యూటర్‌లో ఎన్ని కోర్లున్నాయో చూసుకుని అందుకు తగినన్ని థ్రెడ్లను, అంటే ఏకకాలంలో సాగే పని పాయలను, సిద్ధం చేసుకుంటాయి. తర్వాత మనం వాటిని నాలుగింటికి కుదిస్తే, ఆ థ్రెడ్లన్నీ అక్కడే వంతుల కోసం పోటీ పడతాయి. ఒక థ్రెడ్ తాళం వేసుకున్న డేటా కోసం మిగతావి ఎదురుచూస్తుండగా, ఆ తాళం వేసిన థ్రెడ్‌కే వంతు రాకపోవడం కూడా జరుగుతుంది.

కోర్ మారితే కాష్‌లో (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీలో) ఉన్న డేటా వృథా అవుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు. అందులో కోర్‌కు అతి దగ్గరగా ఉండే ఎల్1, ఎల్2 కాష్‌లు సాధారణంగా ఆయా కోర్లకే, లేదా కొద్దిపాటి కోర్ల గుంపుకే పరిమితం కాబట్టి, థ్రెడ్ వేరేచోటికి వెళితే కొంతసేపు డేటాను కొత్తగా తెచ్చుకోవాల్సిందే. అయితే ఆ సంగతి ఏ థ్రెడ్ ఏ కోర్‌పై నడవాలో నిర్ణయించే, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని షెడ్యూలర్‌కూ తెలుసు. వీలైనంతవరకు థ్రెడ్‌ను పాత కోర్‌పైనే ఉంచడానికి అది ప్రయత్నిస్తుంది. పైగా ఒకే ప్రాసెసర్‌లో కూడా ఏ కోర్ ఎక్కువ వేగాన్ని అందుకోగలదో తయారీ సంస్థలు గుర్తించి సిస్టమ్‌కు తెలియజేస్తున్నాయి. ఆ సమాచారం మన ముందున్న గడుల్లో ఎక్కడా కనిపించదు.

షెడ్యూలర్ విఫలమైన సందర్భాలు మాత్రం నిజంగానే ఉన్నాయి, అఫినిటీకి అసలు విలువ అక్కడే. 2005లో రెండు కోర్ల ప్రాసెసర్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు, కోర్లలోని కాల గణన ఒకదానితో ఒకటి సరిపోలక కొన్ని పాత గేములు గతి తప్పేవి. వాటిని ఒకే కోర్‌కు పరిమితం చేస్తే సమస్య పోయేది. 2021 నవంబరులో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లతో పెద్ద కోర్లు, చిన్న కోర్లు ఒకే చిప్‌లోకి చేరాయి. కొన్ని గేముల్లోని కాపీ రక్షణ సాఫ్ట్‌వేర్ చిన్న కోర్లను వేరే కంప్యూటర్‌గా పొరబడింది. 2023లో వచ్చిన ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్3డీ మరింత స్పష్టమైన ఉదాహరణ. అందులోని 16 కోర్లు ఎనిమిదేసి చొప్పున రెండు భాగాలుగా ఉంటాయి. ఒక భాగానికి 96 ఎంబీ ఎల్3 కాష్ ఉంటే, రెండోదానికి 32 ఎంబీ మాత్రమే ఉంది, కానీ దాని క్లాక్ వేగం ఎక్కువ. గేములకు చాలావరకు పెద్ద కాష్ ఉన్న భాగమే మేలు. నడుస్తున్నది గేమ్ అని గుర్తించే పని విండోస్‌లోని ఎక్స్‌బాక్స్ గేమ్ బార్‌ది. అది గుర్తించకపోతే గేమ్ రెండో భాగంలోకి జారుకోవచ్చు. ఈ చిప్‌లో ఒక్కో కోర్ రెండేసి గడులుగా కనిపిస్తుంది కాబట్టి, అలాంటప్పుడు సీపీయూ 0 నుంచి 15 వరకు టిక్కులు ఉంచి, మిగిలినవి తీసేయడం సహేతుకమైన చర్యే, అయితే ఏ అంకెలు ఏ భాగానివో ముందు సరిచూసుకోవాలి.

ఇంతకంటే తరచుగా ఎదురయ్యే పరిస్థితి వేరు. రెండు గంటల వీడియోను ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌కు మారుస్తూ, అదే సమయంలో వీడియో కాల్ మాట్లాడాలి. కన్వర్షన్ అన్ని కోర్లనూ నింపేస్తుంది, కాల్‌లో గొంతు తెగిపోతుంది. చాలామంది ఇక్కడ కాల్ నడుస్తున్న బ్రౌజర్‌కు కోర్లు కేటాయించడానికి పూనుకుంటారు. బ్రౌజర్ ఒకటే ప్రాసెస్ కాదు. జాబితాలో దాని పేరుతో పది ఇరవై వరుసలు కనిపిస్తాయి, ఒకదానికి చేసిన మార్పు పక్కదానికి వర్తించదు. దానికి బదులు కన్వర్టర్‌ను పట్టుకోవడం సులువు. ముందుగా దాని ప్రయారిటీని ‘బిలో నార్మల్’కు తగ్గించాలి. సాధారణంగా ఇదొక్కటే చాలు, ఎందుకంటే కోర్లు ఖాళీగా ఉన్నంతసేపూ అది పూర్తి వేగంతో నడుస్తుంది, పోటీ వస్తేనే వెనక్కి తగ్గుతుంది. అప్పటికీ కాల్ తడబడితే రెండు మూడు కోర్ల టిక్కులు తీసి, వాటిపైకి కన్వర్టర్ రాకుండా చేయవచ్చు. లినక్స్‌లో నైస్, టాస్క్‌సెట్ ఆదేశాలు సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తాయి.

ఆపిల్ 2020లో ఎం1 చిప్ తెచ్చినప్పుడు వేరే మార్గం ఎంచుకుంది. ప్రోగ్రామే తన పని ఎంత అత్యవసరమో సిస్టమ్‌కు చెబుతుంది, నేపథ్య పనులు పొదుపైన కోర్లకు వెళ్తాయి, వినియోగదారుడికి గడుల పట్టిక ఉండదు. ఈ పద్ధతి మౌలికంగా సరైనదే, కానీ ఆ పట్టికను పూర్తిగా తీసేయడాన్ని నేను సమర్థించను. పాత ప్రోగ్రాములు, అసాధారణ చిప్‌లు ఉన్నంతకాలం షెడ్యూలర్ అంచనా ఎక్కడో ఒకచోట తప్పుతుంది, అప్పుడు యజమాని చేతిలో ఒక మార్గం ఉండాలి. విండోస్‌లో ఆ మార్గం ఉన్నా అరకొరగానే ఉంది. ప్రోగ్రామ్‌ను మూసి తెరిస్తే పెట్టిన అఫినిటీ పోతుంది, నిలుపుకోవాలంటే ప్రాసెస్ లాసో లాంటి బయటి సాఫ్ట్‌వేర్‌నో, ‘స్టార్ట్’ కమాండ్‌తో రాసుకున్న షార్ట్‌కట్‌నో ఆశ్రయించాలి. మైక్రోసాఫ్ట్ ముందుగా చేయాల్సినవి రెండు: ఆ గడుల పక్కన ఏది పెద్ద కోరో, ఏది చిన్న కోరో, దేనికి ఎంత కాష్ ఉందో రాయడం, వినియోగదారుడు ఒకసారి చెప్పిన నిర్ణయాన్ని గుర్తుంచుకోవడం.