అమ్మోనైట్ దొరికితే చాలదు, దాని పొర కూడా దొరకాలి

సముద్రతీరాల్లో అమ్మోనైట్ (సుడి తిరిగిన గుల్లతో ఒకప్పుడు సముద్రాల్లో బతికి అంతరించిన జీవి) శిలాజాలు ఏరడాన్ని పూర్తిగా నిషేధించాలనే వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. కెరటాలు కోసేస్తున్న తీరాల్లో ఆ వాదన నిలవదు. ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో, చార్‌మత్ దగ్గర, చలికాలం వానలకు చరియలు బురదగా జారుతుంటాయి. అందులోంచి బయటపడ్డ అమ్మోనైట్‌ను ఎవరూ తీయకపోతే అది గులకరాళ్ల మధ్య అరిగి మాయమవుతుంది. అక్కడి నియమావళి ఈ సంగతి గ్రహించే పుట్టింది. ఒడ్డున ఊడిపడ్డవి ఏరుకోవచ్చు; చరియలో ఉన్నదాన్ని అనుమతి లేకుండా తవ్వకూడదు; శాస్త్రానికి ముఖ్యమైనది దొరికితే నమోదు చేయించాలి. 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన తీరమిది.

అయితే అన్నిచోట్లా ఒకటే న్యాయం పనికిరాదు. పక్కనే లైమ్ రీజిస్‌లో, మన్‌మత్ బీచ్ సున్నపురాతి పలకల మీద పెద్ద పెద్ద అమ్మోనైట్లు పరిచినట్టు కనిపిస్తాయి. వాటి మీద ఉలి పెట్టడం శుద్ధ దౌర్జన్యం. పైగా ఆ రాయి నుంచి అవి శుభ్రంగా ఊడిరావు, ముక్కలవుతాయి.

అసలు నష్టం వేరేచోట జరుగుతోంది: ఏ రాతిపొరలో దొరికిందో రాసుకోకపోవడంలో. అమ్మోనైట్ జాతులు త్వరత్వరగా మారాయి, సముద్రాల్లో దూరదూరాలకు వ్యాపించాయి. అందుకే 1850లలో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఓపెల్ వాటిని పట్టుకుని జురాసిక్ రాళ్లను మండలాలుగా, అంటే ఒక్కో కాలానికి చెందిన పొరల వరుసలుగా, విడదీయగలిగాడు. సుమారు 5.6 కోట్ల ఏళ్ల జురాసిక్ యుగం వాయవ్య యూరప్‌లో ఇప్పుడు 70కి పైగా మండలాలుగా లెక్కకొస్తుంది. అంటే, ఏ పొరలోదో తెలిసిన అమ్మోనైట్ కాలాన్ని చూపే గడియారం. తెలియనిది బల్ల మీది అలంకారం. శిలాజంతో ఉంచే చీటీ మీద చోటు, తేదీతో పాటు పొర నంబరు ఉండాలి. చార్‌మత్ పొరలకు భూగర్భ శాస్త్రవేత్త డబ్ల్యూ.డి. లాంగ్ ఇచ్చిన నంబర్లు ఇందుకు పనికొస్తాయి. ఒడ్డున ఏరినదైతే ‘ఊడిపడ్డది’ అని రాయాలే గాని పొరను ఊహించి రాయకూడదు. తప్పుడు చీటీ కంటే ఖాళీ చీటీ నయం.

వెతకడంలో బలం కంటే చూపు ముఖ్యం. తుపాను వెళ్లాక, పూర్తి ఆటుకు రెండు మూడు గంటల ముందే బయలుదేరితే నీళ్లు తిరిగి ఎక్కేలోపు వెనక్కి రావచ్చు. చరియ పాదం దగ్గర నిలబడకూడదు, జారిన బురద మీద అడుగుపెట్టకూడదు. చార్‌మత్ చిన్న అమ్మోనైట్లు చాలావరకు పైరైట్‌గా (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మారినవి. పైరైట్ మామూలు గులకరాయికి దాదాపు రెట్టింపు బరువు కాబట్టి కెరటాలు దాన్ని తుప్పుపట్టిన ఇనుప ముక్కలతో కలిపి ఒకేచోట పోగేస్తాయి. మేకులు, బోల్టులు కనిపించిన చోట మోకాళ్ల మీద కూర్చుని వెతికితే సుత్తి అక్కర్లేదు.

యార్క్‌షైర్‌లోని విట్బీలో పద్ధతి మారుతుంది. అక్కడ అమ్మోనైట్ గట్టి రాతిముద్ద లోపల ఉంటుంది. (నేపాల్‌లోని కాళీ గండకి నదిలో దొరికే సాలగ్రామాలు చాలావరకు జురాసిక్ అమ్మోనైట్లున్న ఇలాంటి ముద్దలే.) అంచున చుట్టు వంపు కనిపించిన ముద్దనే ఎంచుకోవాలి. శిలాజం సాధారణంగా వెడల్పు తలంలో పడుకుని ఉంటుంది కనుక దెబ్బ ఆ అంచు మీద పడాలి. నడినెత్తిన కొడితే చుట్టు అడ్డంగా విరుగుతుంది. వడ్రంగి సుత్తి వద్దు, దాని ఉక్కు పెచ్చులుగా ఎగురుతుంది. భూగర్భ పనులకు చేసిన సుత్తి, కంటికి రక్షణ అద్దాలు తప్పనిసరి. రెండు సగాలూ, రాలిన పెచ్చులూ ఒకే సంచిలో వేసుకోవాలి. బయటపడ్డదాని వీపున, అంటే చుట్టు బయటి అంచున, రెండు గాడుల మధ్య గట్టు ఉంటే అది సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి హిల్డోసెరాస్ కావచ్చు. గట్టు లేకుండా, ఉబ్బెత్తు గీతలు వీపు దగ్గర రెండుగా చీలితే డాక్టిలియోసెరాస్.

శుభ్రం చేయడంలో తరచూ జరిగే పొరపాటు వెనిగర్ వాడటం. ముద్దలోనూ, అమ్మోనైట్‌లోనూ ఉన్నది కాల్సైటే (సున్నపురాతిలోని ఖనిజం) అయితే ఆమ్లం రెంటినీ ఒకేలా తినేస్తుంది. గాలితో నడిచే సన్నని ఉలి, ఓపిక, ఇవే దారి. యంత్రం మీద మెరుగుపెట్టడం ఇంకా చెడ్డది. జాతిని గుర్తించడానికి పనికొచ్చే గీతలు అరిగిపోతాయి, గుల్ల లోపలి గదుల గోడల అతుకురేఖల ఆకారమూ మారిపోతుంది.

పైరైట్ గొడవ ఇంటికి తెచ్చాక మొదలవుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే అది ఆక్సిజన్‌తో కలిసి సల్ఫేట్లనూ, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నీ పుట్టిస్తుంది. ముందు బూడిదరంగు లేక పసుపు పొడి, గంధకం వాసన, తర్వాత పగుళ్లు. పైన వార్నిష్ పూస్తే ఆగుతుందనుకోవడం భ్రమ. తేమ దాన్ని దాటి లోపలికి వెళుతుంది. తెచ్చిన వెంటనే మంచినీళ్లతో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టాలి. తేమ 45 శాతం లోపు ఉంటే మంచిది. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వేయాలి. చీటీని శిలాజానికి ఆనించి పెట్టకూడదు, ఎందుకంటే ఆమ్లం కాగితాన్ని కాల్చేస్తుంది. శిలాజం మీదే ఓ మూల పారలాయిడ్ బి-72 (పారదర్శకమైన యాక్రిలిక్ జిగురు) పూత వేసి, ఆరాక నల్ల సిరాతో నంబరు రాసి, పైన మరో పూత వేయాలి. అదే నంబరు పుస్తకంలోనూ ఉండాలి.