లక్ష ల్యూమెన్ల లైటుకు సాష్టాంగ నమస్కారం

నాలుగొందల లోపు ధరకు లక్ష ల్యూమెన్ల టార్చిలైటు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. ల్యూమెన్ అంటే వెలుతురుకు కొలత. లైటు అరచేతిలో ఇమిడిపోతుంది. పెట్టె మీద ముసుగు కట్టుకున్న కమాండో, వెనక మంటలు, పైన హెలికాప్టరు. ఫ్యూజు పోతే మీటరు బోర్డు దాకా వెళ్లడానికి మనకు ఇంతకు తక్కువైతే ఎలా కుదురుతుంది?

చిన్న లెక్క. మంచి ఎల్ఈడీ వాటుకు వంద, కాస్త దయతలిస్తే నూటయాభై ల్యూమెన్లు ఇస్తుంది. వంద చొప్పున లక్షకు 1000 వాట్లు. అంటే మీ చేతిలో ఉన్నది ఇస్త్రీపెట్టె. చొక్కా మీద రుద్ది చూడండి. మడత పోకపోతే ల్యూమెన్లు లేనట్టే.

లోపలి సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటుంది, ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె అది. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు ఉండే ఆ 18650 సైజులో పేరున్న కంపెనీలన్నీ తలకిందులుగా తపస్సు చేసి 3600, మహా అయితే 4000 దగ్గర ఆగిపోయాయి. అసలు సెల్లు 45 గ్రాముల అటూఇటూ తూగుతుంది. మీది 30 తూగితే మిగతాది గాలి. పోనీ, 9900 నిజమే అనుకుందాం. 37 వాట్-అవర్లు, అంటే 37 వాట్ల దీపం గంటసేపు వెలిగేంత. వెయ్యి వాట్ల దీపం రెండు నిమిషాల పైచిలుకు వెలుగుతుంది. అగ్గిపుల్లే నయమనలేం గానీ, పోటీకి నిలబడుతుంది.

ఇక మోడ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు కదా, అలాంటి రాత్రి ఒకటి ఊహించుకోండి. నాయనమ్మకు బీపీ మాత్ర కావాలి. మనవడు బటన్ నొక్కాడు. ఫుల్ లైటు, ఇంటిల్లిపాదికీ కళ్లు బైర్లు కమ్మాయి. మళ్లీ నొక్కాడు, సగం. మూడోసారి నొక్కితే తక్కువ వెలుతురు రావాలి, వేలు రెండుసార్లు పడింది. టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. "ఎవరిదిరా ఊరేగింపు?" అంది నాయనమ్మ. మళ్లీ నొక్కాడు. మూడు పొట్టి మెరుపులు, మూడు పొడుగు, మూడు పొట్టి. అది ఎస్ఓఎస్, ఆపదలో ఉన్నాం కాపాడండని చేసే సైగ. బంగాళాఖాతంలో దారిన పోయే నౌక ఏదైనా చూసి మాత్ర పట్టుకొస్తుందని కాబోలు. మళ్లీ నొక్కితే ఆరింది. మళ్లీ నొక్కితే ఫుల్. ఈలోగా జూమ్ ఉందని గుర్తొచ్చి మూతి ముందుకు లాగాడు. గోడ మీద చతురస్రం పడింది, చుట్టూ చీకటే. "నువ్వు దాన్ని కట్టెయ్ నాయనా, నాకు చీకట్లో తెలుసు" అని ఆవిడే తడుముకుంటూ లేచి మాత్ర వేసుకుంది.

లాగే ఆ మూతి సందులోంచే చాలావాటిలో నీళ్లూ పోతాయి. నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగాలి. ఉత్త 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంటే, వాన గురించి ఎక్కడో విన్నదని అర్థం. 'పది గంటలు వెలుగుతుంది' అన్న మాటనూ తిప్పి చదవాలి. వెలుగు మొదట ఉన్నదాంట్లో పదోవంతుకు పడిపోయేదాకా లెక్కపెట్టడమే టార్చి కంపెనీల ప్రమాణం.

కమాండోలు కానివాళ్లకు ఒక్క పెన్సిల్ సెల్లు (ఏఏ సైజు) వేసుకునే అల్యూమినియం టార్చి చాలు. తొలి నొక్కుకు తక్కువ వెలుతురు రావాలి. ఐదు ల్యూమెన్లు ఉంటే గదిలో మాత్ర దొరుకుతుంది, రాత్రుళ్లకు రాత్రుళ్లు వెలుగుతుంది. వంద పెడితే రెండు గంటలు. యూఎస్‌బీతో మాత్రమే ఛార్జయ్యే సీలు వేసిన లైటు మూడోరోజు కూడా కరెంటు రాకపోతే పేపర్‌వెయిట్. పెన్సిల్ సెల్లు గోడ గడియారంలో ఉంటుంది, రిమోట్‌లో ఉంటుంది, కిరాణా కొట్లో ఉంటుంది. కాకపోతే మామూలు ఆల్కలైన్ సెల్లు లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగుకు తెల్లగా పట్టి తినేస్తుంది. విడిగా పెట్టండి. ఛార్జింగ్ సెల్లయితే నిల్వలో మెల్లగా దిగే రకం తీసుకోండి. డబ్బుంటే 1.5 వోల్టుల లిథియం సెల్లు ఏళ్లతరబడి చెక్కుచెదరదు. అదే సైజులో ఉండే 14500 అనే 3.7 వోల్టుల సెల్లును మాత్రం, పట్టింది కదా అని తొయ్యకండి. ఆ వోల్టేజీకి తయారుకాని టార్చిలో సర్క్యూట్ మాడుతుంది. మూత దగ్గరి రబ్బరు రింగుకు ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు రాయండి. కొబ్బరినూనె జుట్టుకు.

ఇంతకీ ఈ లక్ష ల్యూమెన్ల సరుకు కొనేది ఎవరు? అపార్ట్‌మెంట్ల వాళ్లు ఒకసారి గోడ మీద వేసి చూసుకుని సొరుగులో పడేస్తారు. రాత్రిపూట నీళ్లు కట్టడానికి గట్టు మీద నడిచే రైతుకు ఆ తీరిక లేదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఎక్కువమంది పోయిన రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. కట్లపాము తిరిగేదే రాత్రి. రక్తపింజర పైరులో కదలకుండా పడి ఉంటుంది, కాలు పడేదాకా. పెట్టె మీద అబద్ధపు అంకె అచ్చువేసినవాడికీ, దాన్ని అమ్ముకుని కమీషన్ తిన్నవాడికీ సిగ్గులేదా? కాలి ముందు నాలుగడుగుల నేల, తడిసినా ఆరని లైటు, రెండు గంటలపాటు నిఖార్సైన వంద ల్యూమెన్లు. రైతుకు కావలసింది అంతే. ఆ కమాండో బొమ్మ పక్కన ఆ మాట ఎక్కడ రాశారో చూపించండి.