నాకు కావాల్సింది తాడు పట్టే పార్టనర్, తాళి కట్టే పార్టనర్ కాదు

పొద్దున ఏడున్నరకి హిందూపురం నుంచి పెద్దమ్మ ఫోన్. ఆ టైంలో ఊరి నుంచి ఫోనంటే ఎవరికేమైందోనని గుండె జారుతుంది కదా, నోట్లో బ్రష్ ఉండగానే ఎత్తాను. "ఏమ్మా, మాకు చెప్పనే లేదే! పార్టనర్ కోసం చూస్తున్నావంట!" గొంతు నిండా పండగ. వెనక నుంచి పెదనాన్న "జాతకం పంపమను" అంటున్నాడు.

రాత్రి నేను పెట్టిన స్టేటస్ మీరూ చూశారు. "డిసెంబర్‌లో పది రోజులు థాయ్‌లాండ్‌లో క్రాబీ. ఒక్కదాన్నే వెళ్తున్నా. అక్కడ క్లైంబింగ్ పార్టనర్ కావాలి. 6ఏ లీడ్ చేసేవాళ్లు, గ్రిగ్రి వాడటం వచ్చినవాళ్లు చెప్పండి." (6ఏ అంటే ఎక్కే దారి ఎంత కష్టమో చెప్పే గ్రేడు. లీడ్ అంటే రాతిలో దిగేసిన బోల్ట్‌లకి తాడు తగిలించుకుంటూ ముందు ఎక్కడం. గ్రిగ్రి అంటే కింద తాడు పట్టే మనిషి వాడే బ్రేక్ పరికరం.) ఇందులో మా పెద్దమ్మ కంట్లో పడినవి రెండే ముక్కలు. పార్టనర్, కావాలి.

పదింటికల్లా వాట్సాప్‌లో బయోడేటా దిగింది. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, సొంత ఫ్లాట్, ఒక్కడే కొడుకు, 5.11. ఆ 5.11 చూసి ఒక్క సెకను నిజంగా సంబరపడ్డాను. నా 6ఏ అమెరికా లెక్కలో 5.10 దగ్గర ఆగిపోతుంది, ఈయన నాకంటే పైమెట్టు, పెద్దమ్మ ఎక్కడ పట్టిందబ్బా ఈ క్లైంబర్ని అనుకున్నా. అది ఎత్తండీ. అయిదడుగుల పదకొండు అంగుళాలు.

పెద్దవాళ్లకి తెలీదులే అని ఊరుకోవచ్చు. బెంగళూరులో చదువుకున్న మగానుభావుల సంగతేంటి? అదే స్టేటస్‌కి ఇన్‌బాక్స్‌లో తొమ్మిది మంది. అందులో ఒకాయన జిమ్ అద్దంలో కండలు తీసిన ఫొటో పంపి "ఐ యామ్ రెడీ" అన్నాడు. బిలే, అంటే కింద నుంచి తాడు పట్టడం, వచ్చా అని అడిగితే "బెల్లీ డాన్సా?" అని నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన, రూమ్ ఒకటి తీసుకుంటే ఖర్చు కలిసొస్తుందని లెక్కేసి మరీ చెప్పాడు. 6ఏ గురించి గానీ, తాడు ఎన్ని మీటర్లు తెస్తున్నావని గానీ తొమ్మిది మందిలో ఒక్కడు అడగలేదు. (60 మీటర్లు. ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నా.)

అసలు ఈ పార్టనర్ పనేంటో ఒక్కసారి చెప్తా, తర్వాత మళ్లీ తిట్టుకుందాం. నేను తాడు నడుముకి కట్టుకుని పైకి పోతుంటాను. కింద ఒక మనిషి ఆ తాడు రెండో వైపుని గ్రిగ్రిలోంచి పోనిచ్చి, కావాల్సినంత వదులుతూ, నేను జారితే పట్టుకోవాలి. గ్రిగ్రి తనంతట తను తాడుని బిగించేస్తుందని చాలామంది ధీమా. తాడు తిరగేసి పెడితే బిగించదు. కంగారులో గ్రిగ్రిని గుప్పిట్లో నొక్కి పట్టుకున్నా బిగించదు. అందుకే బ్రేక్ వైపు చెయ్యి ఎప్పుడూ తాడు మీదే ఉండాలంటారు. అంటే పార్టనర్ అంటే ఒక చెయ్యి. ఆ చేతికి కులం గోత్రం ఏమిటో ఇంతవరకు నాకు పని పడలేదు.

పోయిన ఫిబ్రవరిలో నేను ఇలాగే ఒంటరిగా పోయాను. క్రాబీలోని ఆవ్‌నాంగ్ నుంచి లాంగ్‌టెయిల్ పడవలో రైలే అనే ఒడ్డుకి. అది ద్వీపం కాదు, కానీ వెనకంతా నిలువు సున్నపురాయి కొండలు, రోడ్డు లేదు, పడవే గతి. పక్కనే తోన్‌సాయ్ ఒడ్డు, నీళ్లు తగ్గినప్పుడు రాళ్ల మీద నడిచి పోవచ్చు. పార్టనర్ దొరకడానికి నాకెంత సేపు పట్టిందో తెలుసా? ఒక కాఫీ అంత సేపు. తాడు సంచి కుర్చీ పక్కన కనబడేట్టు పెట్టుకుని కూర్చోవడమే. అది ఫలించకపోతే కొండ కిందకెళ్లి ముగ్గురున్న గుంపుని చూసుకోవాలి. ఇద్దరి దగ్గరికి పోకూడదు, వాళ్ల జత వాళ్లకి కుదిరింది. ముగ్గురిలో ఎప్పుడూ ఒకడు ఖాళీగా కూర్చుని అరటిపండు తింటుంటాడు. వాడే మనవాడు.

నాకు దొరికింది ఒక జర్మన్ పెద్దాయన. మా నాన్న కంటే ఓ రెండేళ్లు చిన్న ఉంటాడేమో. "ఎక్కుదామా" అనే ముందు ఆయన చేసిన మొదటి పని నా హార్నెస్ (తాడు కట్టుకునే నడుం పట్టీ) బకిల్ లాగి చూడటం. తర్వాత హార్నెస్‌కి తాడు కట్టిన ముడిని, ఎయిట్ నాట్‌ని, వేలితో దారం లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి చూశాడు. కారాబైనర్ (గ్రిగ్రిని హార్నెస్‌కి తగిలించే లోహపు కొక్కెం) గేటు నొక్కాడు. తాడు చివర ముడి ఉందో లేదో చూశాడు, ఎందుకంటే ముడి లేక తాడు చివరి కొస గ్రిగ్రిలోంచి జారిపోయి మనిషి నేల మీద పడ్డ కేసులు ఉన్నాయి. అప్పుడు చేతులు చాపి "ఇప్పుడు నన్ను చూడు" అన్నాడు. నేనూ ఆయన్ని అంగుళం అంగుళం చూశాను. ఇద్దరికీ సిగ్గు లేదు, కోపం లేదు. మొదటి రూటు కావాలనే సులువుది, పైన ముందే తాడు వేసి ఉన్నది ఎంచుకున్నాం. రెండు నిమిషాల్లో ఆయన చెయ్యి ఎలాంటిదో నాకు తెలిసిపోయింది.

నాది 49 కిలోలు, ఆయనది 90కి తక్కువుండదు. మూడో రోజు ఆయన లీడ్ చేస్తూ నాలుగో బోల్ట్ దాటి జారాడు. నేను కింద నిలబడి ఉన్నదాన్ని కాస్తా రివ్వున పైకి లేచి మొదటి బోల్ట్ దగ్గర కొండకి మోకాలు కొట్టుకుని ఆగాను. ఆయన దిగి వస్తూ, నేను పైకి పోతూ, మధ్యలో ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నాం. చెయ్యి మాత్రం వదల్లేదు నేను. మర్నాడు ఆయన ఎవరినో అడిగి ఓమ్ అనే చిన్న పరికరం తెచ్చాడు. మొదటి బోల్ట్‌కి తగిలిస్తే తాడుకి రాపిడి పెరిగి బరువు తేడా సర్దుకుంటుంది. పేరు వినగానే నాకు దణ్ణం పెట్టబుద్ధేసింది.

ఇంత చెప్పినా పెద్దమ్మ ప్రశ్న ఒకటే. "ఎవడో తెల్లోడి చేతిలో ప్రాణం పెట్టి ఎక్కుతావా? ఒక్కదానివే యాడికి పోతావే?" 2014లో మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఇదే పెద్దమ్మ పేపర్ కటింగ్ దాచింది. మన భువనగిరి కొండ మీద నేర్చుకుని వెళ్లిన పిల్ల. అందరూ "మన అమ్మాయి, మన అమ్మాయి" అన్నారు. పక్కింటమ్మాయి ఎక్కితే పేపర్ కటింగ్, మనింటమ్మాయి ఎక్కితే బయోడేటా.

పార్టనర్ లేకుండా కుదరదా అంటారు కొందరు. కుదురుతుంది. డీప్ వాటర్ సోలో అని ఉంది, తాడు లేకుండా సముద్రం మీదికి వంగిన కొండ ఎక్కడం, పడితే నీళ్లలో పడటం. నేను అనంతపురం జిల్లా పిల్లని. నీళ్లు కనబడితే బిందె పట్టుకుని లైన్లో నిలబడటం వచ్చు గానీ ఈత రాదు. హంపీలో బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా చిన్న బండలెక్కడం, చేసుకోవచ్చు కదా అన్నాడొకాయన. నేను థాయ్‌లాండ్ టికెట్ చూపిస్తుంటే హంపీ ఏంటి నాయనా.

సరే, ఇదంతా ఒక ఎత్తు. అసలు నాకు మండింది పోయిన శనివారం. ఇక్కడే, మన ఊళ్లోనే, ఒక క్లైంబింగ్ జిమ్‌లో. కొత్త మనిషితో జత కట్టాను. ఎక్కే ముందు "ఒకసారి చెక్ చేసుకుందామా" అన్నాను. అంతే. "నేను ఏడేళ్లుగా ఎక్కుతున్నా" అని మొహం మాడ్చుకున్నాడు. ఏడేళ్లయితే ఏంటి స్వామీ, నీ బకిల్‌కి నీ సర్వీస్ తెలుసా? సరే అని నేనే వంగి చూశాను. గ్రిగ్రిలో తాడు తిరగేసి ఉంది. నేను పైకి పోయి చెయ్యి జారుంటే ఏడేళ్ల అనుభవం నన్ను పట్టుకునేదేమో మరి. చూపిస్తే సారీ లేదు, "లైటింగ్ సరిగా లేదిక్కడ" అన్నాడు! ట్యూబ్‌లైట్లు పదహారు. నేను లెక్కపెట్టాను.

నాకు అప్పుడు నిజంగా గుర్తొచ్చింది ఎవరంటే, ఇంకొకాయన. తెలిసినవాళ్లకి ఎవరో అర్థమవుతుంది, కామెంట్లలో పేరు రాయకండి.

రెండేళ్లు ఎక్కాం కలిసి. సాయంత్రాలు కంఠీరవ స్టేడియంలో క్లైంబింగ్ గోడ మీద, ఆదివారాలు తెల్లారకముందే రామనగర కొండలు. మంచి చెయ్యి, ఆ మాట ఒప్పుకుంటా. నేను పైన "టేక్" (తాడు బిగించు) అనకముందే తాడు బిగిసేది. పోయిన ఫిబ్రవరి తోన్‌సాయ్ ప్లాన్ మొత్తం అతనిదే. రూట్ల లిస్టు అతనే ఎక్సెల్ షీట్లో వేశాడు, కష్టమైనవాటికి ఎరుపు రంగుతో సహా. టికెట్లు కొన్నాం. ఎల్లుండి ఫ్లైట్ అనగా మెసేజ్ వచ్చింది. ఫోన్ కూడా కాదు. "సారీ రా, ప్రొడక్షన్ ఇష్యూ, మేనేజర్ వదలట్లేదు."

నేను అప్పటికే సగం సర్దుకుని ఉన్నాను. ఒక్కదాన్ని కూర్చుని మంచం మీద 60 మీటర్ల తాడుని చుట్టలు చుట్టుకుంటూ ఏడ్చాను, తర్వాత వెళ్లాను. మూడో రోజు, అదే నేను గాల్లోకి లేచిన రోజు, సాయంత్రం మోకాలికి ఐస్ పెట్టుకుని ఫోన్ తెరిస్తే కూర్గ్‌లో హోమ్‌స్టే ఫొటో. కాఫీ తోట, ఊయల, ఎవరో అమ్మాయి చెయ్యి. ప్రొడక్షన్ ఇష్యూ గోరింటాకు పెట్టుకుని ఉంది.

పెళ్లి చూపులని చెప్పుంటే పోయేదేంటి? కంగ్రాట్స్ చెప్పి ఇంకొకరిని వెతుక్కునేదాన్ని కదా. రెండు రోజులు కాదు, రెండు వారాలు ముందు చెప్పుంటే చాలు. తెల్లోడి చేతిలో ప్రాణం పెట్టావా అంటారే, నాకు ఇంతవరకు చెయ్యిచ్చింది తెల్లోడు కాదు పెద్దమ్మా. మన జిల్లావాడే. మొన్న నువ్వు "మంచి కుటుంబం" అన్నావే, వాళ్లబ్బాయే.

పోస్ట్ అయిపోయింది, వెళ్లి అన్నం పెట్టుకోవాలి. ఒక్క విషయం. నా గ్రిగ్రి ఇంకా నీ దగ్గరే ఉంది బాబూ. తోన్‌సాయ్‌లో పదకొండు రోజులు ఆ జర్మన్ ఆయన స్పేర్‌తో నెట్టుకొచ్చాను. డిసెంబర్‌కి నాది నాకు కావాలి. ఆదివారం హెబ్బాళ్ వస్తున్నా, మీ అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ దగ్గర పెట్టు చాలు, నువ్వు కిందకి దిగనక్కర్లేదు. దానికి తగిలించి ఉన్న కారాబైనర్ కూడా. ఎర్రది.